ఉడుత తప్పేమీ లేదు

సాయంత్రం ఆరు కొట్టేసరికి భోజనాల బల్ల ఖాళీగా ఉండాలి. అది ఆ ఇంటి నియమం. రంగుల సీసాలు, కుంచెలు, ఇంకా తడి ఆరని కాగితాలు అన్నీ ఎత్తి పడకగదిలో మంచం కిందికి తోసెయ్యాలి. తర్వాత బల్లను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి పళ్లేలు పెట్టాలి. ఆ రోజు బల్ల మూల మీద చిటికెనవేలి గోరంత నారింజరంగు మరక మిగిలిపోయింది. ఉడుత తోకకు వేసిన రంగు. ఆమె దాన్ని గోటితో గీకుతుండగానే భర్త వచ్చి కూర్చున్నాడు. మరక వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "బొమ్మలు గీసుకుంటూ కూర్చోవడానికి కూడా ఉద్యోగమని పేరు పెట్టారు. అదృష్టవంతురాలివి," అన్నాడు. పొయ్యి మీంచి అప్పుడే దింపిన గిన్నె మూత తీసి ఆమె మణికట్టు మీద పెట్టాడు. నొక్కలేదు, ఊరికే పెట్టాడంతే. రెండు క్షణాలు ఉంచి తీసేశాడు. ఎదురుగా కూర్చున్న ఆరేళ్ల కూతురు తలెత్తకుండా పళ్లెంలోని బఠానీ గింజల్ని ఒక్కొక్కటిగా వరసలో పేర్చడం మొదలుపెట్టింది. వరస ఎక్కడా వంకరపోకుండా పేర్చింది.

ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. తల్లిని పిల్లల పుస్తకాలు వేసే ప్రెస్సులో బొమ్మలావిడ అంటారు. పన్నెండేళ్లుగా అక్కడ బొమ్మలు వేస్తున్నా ఒక్క పుస్తకం అట్ట మీదా ఆమె పేరు పడలేదు. ఒకసారి అడిగితే ఎడిటర్, "మీ బొమ్మలు చూసేది చదువు రాని పిల్లలు. ఇంక మీ పేరెవరు చదువుతారండీ?" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. మీటింగులున్న రోజున టీ కప్పులు కడిగేదీ ఆమే. కుంచెలు కడుగుతుంది కదా, ఆ చేత్తోనే కప్పులూ కడిగేస్తుందిలే అని ఎవరో ఎప్పుడో అన్నారు. అన్నవాళ్లు ప్రెస్సు మానేసి వెళ్లిపోయారు గానీ కప్పులు ఆమెకే ఉండిపోయాయి.

భర్త ఈత కోచ్. ఊళ్లో సగం మంది పిల్లలు ఆయన దగ్గరే నీళ్లలో తేలడం నేర్చుకున్నారు. నీళ్లంటే బిగుసుకుపోయే పిల్లను కూడా నడుం కింద చెయ్యి వేసి, గొంతు పెంచకుండా, పదిరోజుల్లో ఈదిస్తాడని పేరు. వీధిలో నడుస్తుంటే కోచ్ గారూ, కోచ్ గారూ అని పలకరింపులు. ఎంత ఓపికండీ మీవారికి అని తల్లులు ఆమెను ఆపి మరీ చెప్పేవారు. ఆమె అవునన్నట్టు తలూపేది. ఆ ఓపికంతా ఆయన గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి లోపలికొస్తాడని ఎవరితో చెప్తుంది?

మొదటిసారి కొట్టింది పెళ్లయిన మూడో నెలలో, తువ్వాలు ఆరలేదని. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ తువ్వాలు తడిగా ఉండనివ్వలేదు. రెండోసారి ఫోను ఎక్కువసేపు మాట్లాడిందని. ఫోనులో మాటలు కుదించేసింది. దెబ్బ పడ్డ ప్రతిసారీ కారణం వెతుక్కుని, దాన్ని సరిచేసుకుని, ఇంక పడదులే అనుకునేది. ఆయన కూడా అదే అనేవాడు, తర్వాత, ఊపిరి సర్దుకున్నాక: "నువ్వే కదా నన్నిలా చేసేది." పదకొండేళ్లలో ఆమె తప్పుల జాబితా ఎంత పొడుగైందంటే, ఇంట్లో నడిచేటప్పుడు ఏ పలక చప్పుడు చేస్తుందో కూడా అందులో చేరిపోయింది. ముందుగదిలో ఉండే అత్తయ్య, "వాడు ఆకలికి ఆగలేడమ్మాయ్, చిన్నప్పటినుంచీ అంతే. కాస్త చూసుకుని మసులుకో," అనేది. లోపల చప్పుళ్లు మొదలవగానే ఆవిడ రేడియో గొంతు పెంచేది. సాధారణంగా అది వాతావరణ వార్తల వేళ అయ్యేది. ఏ దిక్కున గాలి వీస్తుందో, ఎక్కడ జల్లులు పడతాయో వింటూ ఆమె దెబ్బలు తినేది.

ఆ ఏడు చలికాలం చివర్లో ఊళ్లో పిల్లలకు తట్టు మొదలైంది. మొదట ఒక బడిలో ఇద్దరికి. వారం తిరిగేలోపు నాలుగు బడులకు. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, కళ్లు మంటలు, కాలిపోయే జ్వరం. బడులు మూశారు. ఈతకొలను కూడా మూశారు. కోచ్ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంట్లో కూర్చున్నాడు. అంతకుముందు పగలు ఆమెది. ఇప్పుడు పగలు కూడా ఆయనదైపోయింది. నియమాలు గంటగంటకీ పుట్టుకొచ్చాయి. కుళాయి అలా తిప్పకు, పిల్లను అలా నవ్వించకు, నా ముందు నించి అన్నిసార్లు నడవకు. పనిలేని మనిషి చేతులకు ఆ ఇంట్లో ఆమె ఒళ్లే పనైంది.

సరిగ్గా అప్పుడే ఆమెకు పని ఎక్కువైంది. టీకా వేయించడానికి తెచ్చిన పిల్లలు మాస్కులు చూసి, సూది చూసి గుక్కపెట్టి ఏడుస్తున్నారని, ఆ జబ్బేమిటో, అది ఎలా వ్యాపిస్తుందో చిన్నపిల్లలకు అర్థమయ్యేలా జంతువుల బొమ్మల కథ ఒకటి కావాలని పిల్లల ఆసుపత్రి డాక్టరమ్మ ప్రెస్సును అడిగింది. పదహారు పేజీలు, తొందరగా కావాలి. కథ ఒక పేరున్న రచయిత రాసిచ్చాడు. ఉడుతపిల్ల అమ్మ మాట వినకుండా బయట తిరిగింది, చేతులు కడుక్కోలేదు, అందుకని జ్వరమొచ్చింది. అడవికి పెద్దైన ఎలుగుబంటి గర్జించి దాన్ని తొర్రలో పెట్టి మూసింది. ఇంకెప్పుడూ అల్లరి చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాక దానికి తగ్గింది. చివరి పేజీలో పెద్ద అక్షరాలతో: "బుద్ధిగా ఉండే పిల్లల జోలికి జబ్బు రాదు."

నిజం చెప్పాలంటే ఆమె మొదటి బొమ్మలు ఆ మాటల గురించి ఆలోచించకుండానే గీసేసింది. కథ ఎవరో రాస్తారు, ఆమె గీస్తుంది, పన్నెండేళ్లుగా అంతే. ఉడుత కళ్లు ఎర్రబడాలి, మచ్చలు చెవుల వెనక మొదలవ్వాలి, ఇవే ఆమె చూసుకుంది. బొమ్మలు పిల్లలకు అర్థమవుతున్నాయో లేదో ఒకసారి వార్డుకు తెచ్చి చూపించమని డాక్టరమ్మ కబురు పెడితే, కాగితాలు అట్టల మధ్య పెట్టుకుని వెళ్లింది.

వెలుతురు పడితే కళ్లు మండుతాయని వార్డు కిటికీలకు మందపాటి గుడ్డలు కట్టారు. ఆ మసక వెలుగులో ఇరవై రెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద ఐదేళ్ల పిల్ల ఒకతి ఉడుత బొమ్మను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె కథ చదివి వినిపించింది. ఆ పిల్ల మాట బొంగురుపోయి ఉంది. "నాక్కూడా అందుకే వచ్చింది. తమ్ముడి పాలు తాగేశాను," అంది. చెప్పి, తిడతారేమోనని దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

బయట వరండాలో డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి గోడకు ఆనుకుంది. ఈ వారంలో అలా చెప్పినవాళ్లలో ఆ పిల్ల ఏడోదట. ఒకతి గోడ మీద గీతలు గీసినందుకు వచ్చిందంటుంది, ఒకతి నాయనమ్మకు ఎదురు చెప్పినందుకంటుంది. ఇంకో పిల్ల ఒంట్లో వేడి తెలిసినా, తిడతారని భయపడి మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా స్వెటరు వేసుకుని తిరిగింది. తీసుకొచ్చేసరికి ఊపిరితిత్తులు పట్టేశాయి. "నిన్న పోయిందండీ. తట్టుతో కాదు, తిట్లకు భయపడి పోయింది. ఆ భయానికి మందుగా మీ పుస్తకం అడిగాను. తీరా చూస్తే మీ పుస్తకమూ అదే అంటోంది," అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

కాగితాలు సర్దుకోవడానికి ఆమె వంగినప్పుడు కాలరు పక్కకు జరిగింది. డాక్టరమ్మ చూపు అక్కడ ఆగింది. మెడ మీద అదేమిటని అడిగింది. తలుపు తగిలిందని చెప్పింది ఆమె.

"తలుపుకి వేళ్లుండవండీ," అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం మూడు దాకా రోజూ తన గదిలోనే ఉంటానని మాత్రం చెప్పి, లోపలికి వెళ్లిపోయింది.

ఆమె తిన్నగా ప్రెస్సుకు వెళ్లి ఎడిటర్ ముందు నిలబడింది. కథ మార్చాలంది. ఆ పిల్ల సంగతి, పోయిన పిల్ల సంగతి చెప్పింది. ఎడిటర్ పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, చివరికి, రచయిత గారు నాలుగు బహుమతులు పుచ్చుకున్న మనిషి, ఆయన వాక్యం మీద చెయ్యి వేయడానికి మనమెవరం అన్నాడు. పిల్లలకు కాస్త భయం ఉండాలన్నాడు. ఆడవాళ్లు వార్డుల్లోకి వెళ్తే ఇలాగే కరిగిపోతారన్నాడు. "మీరు బొమ్మలు వెయ్యండి చాలు. లోపల టీ అయిందేమో చూస్తారా?"

ఆమె చూడలేదు. బ్యాగు తగిలించుకుని బయటికొచ్చేసింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ మాటలు వాటంతటవే వచ్చాయి. మర్నాడు భర్త పత్రిక చదువుతుండగా బల్ల దగ్గర కూర్చుని, బొమ్మల వెనకవైపు పెన్సిలుతో రాసింది: ఉడుత తప్పేమీ లేదు. జబ్బుకు మంచి పిల్ల, చెడ్డ పిల్ల అని తెలియదు. గాలిలో వచ్చి ఎవరికైనా తగులుతుంది. ఒంట్లో బాగోలేకపోతే వెంటనే చెప్పాలి. చెప్పిన పిల్లను ఎవరూ తిట్టకూడదు. రాసింది మళ్లీ చదువుకుంది. బొమ్మలకే తప్ప మాటలకు తన చెయ్యి పనికొస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ వారం పద్నాలుగు బొమ్మలు పూర్తయ్యాయి. ఇంకా రెండే. ఆ మధ్యాహ్నం ఆమె వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే భోజనాల గదిలోంచి ఆయన పిలిచాడు. ఏమే అని పిలవలేదు. పేరు పెట్టి పిలిచాడు. పేరు పెట్టి పిలిచాడంటే ఏమిటో ఆమెకు తెలుసు. వెళ్లింది. బల్ల మీద కాగితాలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. ఆయన వేలు ఎలుగుబంటి మీద ఉంది. గర్జిస్తున్న ఎలుగుబంటి మెడలో ఎవరో పెన్సిలుతో ఒక తాడు, తాడుకు ఈల గీశారు. కొలను దగ్గర ఆయన మెడలో వేలాడే ఈలలాంటిదే. చిన్న చెయ్యి గీసిన గీత అది. చూడగానే ఎవరి చెయ్యో ఆమెకు తెలిసిపోయింది. తలుపు వెనక ఆ చెయ్యి తలుపు అంచును పట్టుకుని ఉంది కూడా.

"ఊరంతా పంచుతారట కదా ఈ పుస్తకాన్ని," అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఊరందరికీ నన్ను జంతువుగా చూపిద్దామనా? ఎవరు గీశారు?"

"నేనే," అంది ఆమె.

ఆయన చెమ్చాల డ్రాయరు లాగి, ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని అందులో పెట్టాడు, పిల్లల చెయ్యి నీళ్లలో పెట్టినంత నిదానంగా. తర్వాత తుంటితో డ్రాయరును కొట్టాడు. ఎండుపుల్ల తొక్కినప్పటి చప్పుడు వచ్చింది. ఆమె మోకాళ్ల మీద కూలబడింది గానీ చెయ్యి లోపలే ఉండిపోయింది. ఇంకోసారి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లో ఇనుము రుచి. ముందుగదిలో రేడియో గొంతు పెరిగింది. ఉత్తరదిక్కు నుంచి చల్లగాలులు వీస్తాయని ఎవరో ప్రశాంతంగా చెప్తున్నారు. ఆయన పద్నాలుగు కాగితాలూ తీసుకెళ్లి స్నానాల గదిలో బకెట్టులో వేసి, పైకి తేలినదాన్నల్లా అరచేత్తో అడుగుకు అదుముతూ కూర్చున్నాడు. నారింజ, ఆకుపచ్చ, గోధుమ కలిసి నీళ్లు బురదయ్యాయి. తిరిగొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడు గీయి," అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఎడమచేత్తో వడ్డించింది. అత్తయ్య ఒక గుడ్డలో ఐసుముక్కలు చుట్టి తెచ్చి, ఆమె ఒళ్లో పడేసి, కళ్లలోకి చూడకుండా, కాస్త జాగ్రత్తగా ఉండచ్చు కదా అని వెళ్లిపోయింది. చెయ్యి వాచి నల్లబడి, వేళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉబ్బాయి. పరుపు మీద ఒక మూలన పడుకుంది. ఏడవలేదు. ఎలుగుబంటిని ఎందుకు గీశానా అనుకుంది. కాగితాలు మంచం కింద దాచుంటే ఇదంతా జరిగేది కాదనుకుంది. అప్పటికింకా ఆమె జాబితా రాసుకుంటూనే ఉంది.

తెల్లవారాక ఆమెకు భోజనాల గదిలోంచి చప్పుడు వినిపించింది. టక్. కాసేపాగి మళ్లీ టక్. లేచి వెళ్లింది. పిచ్చుక ముక్కాలిపీట మీద నిలబడి ఉంది. కుడిచెయ్యి డ్రాయరులో ఉంది. ఎడమచేత్తో డ్రాయరును తోస్తోంది. చిన్నపిల్ల, బలం చాలదు, అందుకని పొట్టతో కూడా తోస్తోంది. దవడ బిగించింది, కళ్లనిండా నీళ్లు, గొంతులోంచి చప్పుడు మాత్రం రాకుండా చూసుకుంటోంది. చూపుడువేలి గోరు అప్పటికే నల్లబడింది.

ఆమె ఒక్క అంగలో వెళ్లి పిల్లను ఎత్తి కిందికి దింపింది. ఏం చేస్తున్నావే అని అడిగింది. 

"ఈల నేను గీశాను కదా, నువ్వు కాదు. దెబ్బ నాకు పడాలి," అంది పిచ్చుక. లెక్క చెప్తున్నట్టు చెప్పింది. "నాక్కూడా అయిపోతే ఇంక సరిపోతుంది."

ఆమె నేల మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. వార్డులో ఆ పసిదాని మొహం గుర్తొచ్చింది. దుప్పటి గడ్డం దాకా లాక్కున్న మొహం. ఈ ఇంట్లో కూడా ఒకతి అలాగే దుప్పటి లాక్కుంటోందని, బఠానీలు వరసగా పేరిస్తే నాన్న కొట్టడని, చప్పుడు చెయ్యకుండా ఏడిస్తే అమ్మకు దెబ్బ తగలదని లెక్కలు వేసుకుంటోందని, ఆ లెక్కలు తన దగ్గరే నేర్చుకుందని ఆమెకు అప్పుడు తెలిసింది.  

"అది నీ వల్ల కాదు," అంది. "ఈల వల్ల కాదు. నువ్వేం గీసినా, ఏం గీయకపోయినా, నీ వల్ల కాదు."

పిచ్చుక ఆలోచించింది. "మరి నీ వల్లా?"

ఆమె నోరు తెరిచింది. తువ్వాలు, ఫోను, కుళాయి, చప్పుడు చేసే పలక, నారింజరంగు మరక, పదకొండేళ్ల జాబితా నాలుక దాకా వచ్చింది.

"కాదు," అంది.

ఆ మాట ఆమె చెవులకే కొత్తగా ఉంది. ఇంకేమీ కలపలేదు.

ఆయన స్నానాల గదిలో గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఆమె పిల్లకు కోటు తొడిగింది. బొత్తాలు పెట్టడానికి వేళ్లు రాకపోతే పిచ్చుకే పెట్టుకుంది. పిల్ల టీకా కార్డు ఒక్కటి జేబులో పెట్టుకుంది. ముందుగదిలో అత్తయ్య ఎక్కడికని అడిగింది. ఆసుపత్రికంది. అక్కడ ఏమని చెప్తావని అడిగింది అత్తయ్య.

"జరిగింది చెప్తాను, అత్తయ్యా."

ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. అడ్డుపడలేదు, అరిచి కొడుకును పిలవనూ లేదు. సగం లేచిన మనిషి అలాగే ఉండిపోయింది.

డాక్టరమ్మ ఏమీ అడగకముందే ఆమె చెప్పేసింది. డ్రాయరు గురించి, మెడ గురించి, మణికట్టు మీద కాలిన గుండ్రటి మచ్చ గురించి. మధ్యలో ఆగితే మళ్లీ తలుపు మీదికి తోసేస్తానేమోనన్న భయంతో ఊపిరి తీసుకోకుండా చెప్పింది. డాక్టరమ్మ అంతా రాసుకుంది, ఒక్కో గాయం కొలత తీసి రాసుకుంది. ఎక్స్‌రేలో రెండు వేళ్లు విరిగి, ఒక కణుపు నలిగిపోయినట్టు కనబడింది. పిచ్చుక వేలు విరగలేదు.

చేతికి కట్టు కట్టించుకుని బయటికి వచ్చేసరికి వరండాలో టీకాల వరస గోడవార ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఉంది. తల్లులు, తండ్రులు, చంకల్లో పిల్లలు. వాళ్ల మధ్యలోంచి కోచ్ నడిచొస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం. మాస్కుల వెనకనుంచి నమస్కారాలు, కోచ్ గారూ అని పిలుపులు. ఆయన అందరికీ తలూపుతూ వచ్చి, నవ్వుతూ, కంగారు మనిషండీ, తన చెయ్యి తనే డ్రాయరులో వేసుకుంది అని పక్కనున్నవాళ్లతో అన్నాడు. ఆమె ఎడమ మోచెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు ఎముకల మధ్యకు దిగింది. ఇంటికి పద అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేలా.

"నా చెయ్యి విరగ్గొట్టింది ఈయన," అంది ఆమె.

పెద్దగా అనలేదు గానీ వరసలో దగ్గరున్నవాళ్లు తలలు తిప్పారు. ఆయన ఇంకా నవ్వుతూనే, ఇది మా ఇంటి విషయమండీ, మీరు పట్టించుకోకండి అన్నాడు. ఆమె ఈసారి గొంతు పెంచి అదే మాట అంది. అప్పుడు ఆయన చెయ్యి లేచింది. అరచేతి దెబ్బకు ఆమె బెంచీ అంచు మీద పడింది. పెదవి చీలింది. జుట్టు పట్టి లేపి, గోడకేసి ఒక్కటి వేశాడు. కింద పడ్డాక పక్కటెముకల్లో కాలితో తన్నాడు, ఒకటి, రెండు. ఇంట్లో చేసినట్టే చేశాడు. ఎక్కడున్నాడో మరిచిపోయాడు. పిల్లలు ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. వార్డు ఆయా తడి తుడుపుకర్ర తిరగేసి ఆయన మోకాళ్ల వెనక బలంగా కొట్టింది. ఆయన తూలాడు. ఇద్దరు తండ్రులు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. వాళ్లలో ఒకాయన కూతురు మొన్నటిదాకా ఆయన దగ్గరే ఈత నేర్చుకుంది.

ఆమె గోడ పట్టుకుని లేచింది. పళ్ల మీద రక్తం. "ఇప్పుడు మీరందరూ చూశారు," అంది. పిచ్చుక బెంచీ కిందనుంచి పాకుతూ వచ్చి ఆమె కాలిని కరుచుకుంది. డాక్టరమ్మ ఫోనులో పోలీసులతో మాట్లాడుతోంది. కోచ్ అప్పుడు తలెత్తి వరస వంక చూశాడు. చంకల్లోంచి, తల్లుల వెనకనుంచి అంతమంది పిల్లలు ఆయన వంకే చూస్తున్నారు. నిన్నటిదాకా ఆయన చెయ్యి కింద వీపు ఆనించి తేలిన పిల్లలు.

ఫిర్యాదు మీద ఆమె ఎడమచేత్తో సంతకం చేసింది. అది తన సంతకంలా లేదు. పోలీసులు ఇంటికెళ్లి అత్తయ్యను అడిగితే, నాకు చెవులు సరిగ్గా వినబడవు, రేడియో పెద్దగా పెట్టుకుంటాను, ఎప్పుడూ ఏమీ వినలేదని చెప్పిందట. ఆ మాట విన్నప్పుడు ఆమెకు కోచ్ తన్నినప్పటికన్నా ఎక్కువ కోపం వచ్చింది. చేతిలో ఉన్న గాజు గ్లాసు గోడకేసి కొట్టింది. ఆమె జీవితంలో పగలగొట్టిన మొదటి వస్తువు అదే. తర్వాత తనే చీపురు తెచ్చి ఎత్తిపోసుకుంది. ఆయన పన్నెండు రోజులు లోపలుండి బెయిలు మీద వచ్చాడు. దగ్గరికి రాకూడదని కోర్టు కాగితం. ఊళ్లో కొందరు ఆయన దగ్గరికి ఇంక పిల్లల్ని పంపేది లేదన్నారు. కొందరు, ఇంట్లో ఏదున్నా ఈత మాత్రం బాగా నేర్పుతాడన్నారు.

నర్సుల క్వార్టర్సులో ఒక గది ఇప్పించింది డాక్టరమ్మ. అక్కడే, కట్టు విప్పకుండానే, ఎడమచేత్తో ఆమె పదహారు బొమ్మలూ మళ్లీ గీసింది. మొదటి ఉడుత బంగాళాదుంపలా వచ్చింది. పిచ్చుక నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. ఆ పిల్ల అంత చప్పుడుగా నవ్వడం ఆమె అంతవరకూ వినలేదు. ఎలుగుబంటి ఈసారి గర్జించలేదు. టీకా వేయించుకోవడానికి వరసలో తన వంతు కోసం నిలబడి ఉంది, కళ్లు గట్టిగా మూసుకుని. ప్రెస్సులో ఎడిటర్ ఆమె చేతి గురించి అడగలేదు. గీతలు వణుకుతున్నాయండీ అన్నాడు.

"జ్వరమొచ్చిన ఉడుత కదండీ, వణుకుతుంది," అంది ఆమె. కథ తాను రాసిందే ఉండాలని, అట్ట మీద తన పేరుండాలని, లేకపోతే కాగితాలు ఇటే తీసుకుపోతానని కూడా అదే గొంతుతో చెప్పింది. ఎడిటర్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు. ఆసుపత్రినుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. చివరికి తెల్లమొహం వేసుకుని సరేనన్నాడు. రచయిత తన పేరు తీసేయమన్నాడు, తీసేశారు.

పుస్తకం వచ్చిన మొదటి రోజున ఆమే టీకాల గదిలో చదివింది. "ఉడుత తప్పేమీ లేదు" అన్న పేజీ దగ్గర నాలుగో వరసలోని ఒక పిల్ల చెయ్యెత్తి, నాకు నిన్నటినుంచి ఒళ్లు కాలుతోంది, అమ్మకు చెప్పలేదు అంది. తల్లి కంగారుగా నుదురు పట్టి చూసింది. తిట్టబోయి, ఆగిపోయింది. ఆ పిల్లను వెంటనే పక్క గదిలోకి తీసుకెళ్లారు. వారం తర్వాత బాగా తగ్గి ఇంటికెళ్లింది.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్తయ్య వచ్చింది. పెద్ద సంచి భుజాన వేసుకుని, రెండంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ వచ్చింది. ఆమె కుర్చీ వేసి నీళ్లిచ్చింది. పిచ్చుక గదికి ఆ మూల నుంచి చూస్తూ నిలబడింది. అత్తయ్య చాలాసేపు చెప్పింది. వాడు మారాడంది, తిండి మానేశాడంది, పిల్లకు తండ్రి వద్దా అంది. వకీలు ఒక కాగితం రాసిచ్చాడు, సంచిలో ఉంది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నువ్వొక్క సంతకం చేస్తే చాలంది. "తప్పు ఒకవైపే ఉంటుందా అమ్మాయ్? నువ్వూ ఏదో అనే ఉంటావు, ఏదో చేసే ఉంటావు."

ఆమె అత్తయ్య ఎడమచెవి వంక చూసింది. ఆ చెవికి ఆవిడ ఎప్పుడూ జుట్టు కప్పుకుంటుంది, ఆ వైపునుంచి పిలిస్తే పలకదు. ఎవరూ ఎన్నడూ ఎందుకని అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

"అత్తయ్యా, మామయ్యగారు మిమ్మల్ని మొదటిసారి కొట్టినప్పుడు మీరేం తప్పు చేశారు?"

అత్తయ్య వెంటనే ఏదో చెప్పబోయింది. చెప్పడానికి సిద్ధంగా ఏదో ఉన్నట్టే నోరు తెరిచింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. నలభై ఏళ్ల వెనక్కి వెళ్లి ఆవిడ నిజంగానే వెతకడం మొదలుపెట్టిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఒక్కో గదిలో దీపం పట్టుకుని వెతుకుతున్నట్టు కళ్లు అటూ ఇటూ కదిలాయి.

"కిటికీ దగ్గర కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను," అంది చివరికి. "ఆయన లోపలికొచ్చారు." ఆగింది. ఆ తర్వాత ఏదో ఉండాలి కదా అన్నట్టు ఎదురుచూసింది. ఏమీ రాలేదు.

"నేనేం చెయ్యలేదే," అంది అత్తయ్య. "ఊరికే కూర్చుని ఉన్నాను."

సంచి జిప్పు మీద ఉన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొద్దువాలేదాకా ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంది. కాగితం బయటికి తియ్యలేదు.